నల్లనేల ముచ్చట్లు – 23: చప్పట్లు మనవైతే లొల్లీ మనదే



పోయిన వారం గోదావరిఖని చౌరస్తాలో టీ తాగుతుంటే డిగ్రీ చదివే ఓ తమ్ముడు నన్ను ఆపి అడిగాడు. "అన్నా, మొన్న మెస్సీ ఆటకు ఉప్పల్ పోయిన. గ్రౌండ్‌లకు ఒక్కో లీడర్ దిగుతుంటే నాకు ఓ... అని గట్టిగ లొల్లి చెయ్యబుద్ధయింది. పక్కనున్నోడు చెయ్యి గుంజిండు. ఆటకాడ రాజకీయమేందిర, మంచిగుండదు అన్నడు. నేను నోరు మూసుకున్న. తప్పు నాదా, వానిదా?"

అక్కడికక్కడ జవాబు చెప్పలేదు. రాస్తానని మాటిచ్చాను. ఎందుకు చెప్పలేదో కూడా ఇందులోనే తెలుస్తుంది.

ముందు ఆ ఆట సంగతి గుర్తు చేసుకుందాం. 2025 డిసెంబర్ 13, శనివారం సాయంత్రం, ఉప్పల్ స్టేడియం. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు 9వ నంబర్ చొక్కా వేసుకుని మైదానంలో దిగారు. ఆయన జట్టు పేరు 'సింగరేణి ఆర్ఆర్-9'. ఆర్ఆర్ ఎవరో అందరికీ తెలుసు. కానీ ఆ పేరులో మొదటి మాట చూడండి. అది మన తాతలు తట్టా చెమ్మస్ పట్టుకుని దిగిన బాయి పేరు. ఈ ఆటకు సింగరేణి సొమ్ము ఎందుకని ప్రతిపక్షాలు అడిగాయి, కార్మిక సంఘాలు అడిగాయి. కంపెనీకి పేరు వస్తుందని సమర్థించినవాళ్లూ ఉన్నారు. ఆట మాత్రం సాఫీగా జరిగిపోయింది. జనం మెస్సీని చూశారు, సంతోషంగా ఇంటికి పోయారు.

అదే రోజు పొద్దున కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఇంకోలా జరిగింది. వేలకు వేలు పోసి టికెట్లు కొన్న జనానికి మెస్సీ కనపడలేదు. మంత్రులు, వాళ్ల చుట్టాలు, ఫొటోల కోసం ఎగబడ్డ పెద్దమనుషులు చుట్టూ మూగారు. మెస్సీ కాసేపట్లో వెళ్లిపోయాడు. ముందు గేలి కేకలు, తర్వాత నీళ్ల సీసాలు, తర్వాత కుర్చీలు. నిర్వాహకుడు అరెస్టయ్యాడు, ముఖ్యమంత్రి మమతా బెనర్జీ క్షమాపణ చెప్పారు, క్రీడల మంత్రి ఆ శాఖ వదులుకున్నారు. రెండు రోజుల తర్వాత డిసెంబర్ 15న ఢిల్లీ స్టేడియంలో ముఖ్యమంత్రి రేఖా గుప్తా రాగానే గ్యాలరీ నుంచి "ఏక్యూఐ, ఏక్యూఐ" అని నినాదం లేచింది. బూతు లేదు, రాయి లేదు. మాకు పీల్చడానికి గాలి లేదమ్మా అని మూడక్షరాల్లో చెప్పారు.

మూడు రోజుల్లో మూడు గ్రౌండ్లు. ఒకచోట సంబరం, ఒకచోట కుర్చీలు, ఒకచోట మూడక్షరాలు. తమ్ముడి ప్రశ్నకు జవాబు వీటి మధ్యలో ఎక్కడో ఉంది.

జవాబు వెతకడానికి ముందు నా అప్పు ఒకటి చెప్పాలి.

నేను పదో తరగతిలో ఉన్నప్పటి మాట. మా బెల్టులోనే ఓ గ్రౌండ్, కబడ్డీ ఫైనల్. ఏ గ్రౌండో, వచ్చిన నాయకుడెవరో చెప్పను. ఇక్కడ మనుషుల పేర్లకంటే జరిగిన తీరు ముఖ్యం. ఆట మూడింటికి అన్నారు. ముఖ్య అతిథి ఆరింటికి వచ్చాడు. ఆ మూడు గంటలు రెండు జట్ల పిల్లలు ఎండలో లైను కట్టి నిలబడ్డారు. మమ్మల్ని బడి నుంచి తోలుకొచ్చి గ్యాలరీలో కూర్చోబెట్టారు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో సైగ చేయడానికి ఓ సారును పెట్టారు. వచ్చిన పెద్దమనిషి మైకు పట్టుకుని వదల్లేదు. పొద్దు గూట్లో పడుతోంది, లైట్లు సరిగా లేవు. ఇక ఆట జరగదని మాకు అర్థమైపోయింది. నా పక్కన ఇద్దరు ముగ్గురు గుసగుసలాడుతున్నారు. నేను నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని "ఓ..." అని అరిచాను. ఆ కేక గ్యాలరీ మొత్తం అందుకుంది. మైకు ఆగింది. ఆ ఒక్క నిమిషం నా జన్మలో మర్చిపోలేను.

గ్రౌండ్‌లో సున్నం గీతలు గీసే కాక ఒకాయన ఉండేవాడు. మా వాడ మనిషే. కాంట్రాక్టర్ దగ్గర రోజుకూలి. సున్నం బకెట్ పట్టుకుని గీత పక్కనే నిలబడ్డాడు. కేక విని పక్కున నవ్వాడు. వేదిక మీదివాళ్లకు గ్యాలరీలో వందల ముఖాలు కలగాపులగంగా కనపడ్డాయేమో గానీ, గ్రౌండ్ మధ్యలో నవ్వుతున్న ముఖం ఒక్కటే కనపడింది. తెల్లారి నుంచి ఆయన్ను పనికి రావద్దన్నారు.

రాత్రి బాపు సెకండ్ షిఫ్టు దిగి వచ్చి ఈ సంగతి అవ్వకు చెబుతుంటే విన్నాను. నేను దుప్పటి ముసుగులో ఉన్నాను. అరిచింది నేనని చెప్పలేదు. చాలా ఏళ్లు చెప్పలేదు.

అందుకే తమ్ముడు అడగ్గానే "లొల్లి చెయ్యరా, నీ హక్కు" అని టీ గ్లాసు పట్టుకుని సులువుగా చెప్పలేకపోయాను. లొల్లి ఎవరు చేస్తారు, దాని ఖరీదు ఎవరు కడతారు అనే లెక్క ముందు తేలాలి.

ఇక చరిత్రలోకి పోదాం.

పాలకుణ్ని ఆటస్థలంలో గేలి చేయడం ఇవ్వాళ పుట్టింది కాదు. క్రీస్తుపూర్వం 56లో రోమ్ వక్త సిసిరో ఓ కేసు వాదిస్తూ, ప్రజల మనసు మూడు చోట్ల తెలుస్తుందన్నాడు. ఒకటి సభలు, రెండు ఎన్నికలు, మూడు ఆటలు, గ్లాడియేటర్ల ప్రదర్శనలు. సిసిరో పేదల పక్షం మనిషి కాదు, పెద్దింటి పక్షమే. ఆయనకు కూడా గ్యాలరీలో వచ్చే చప్పట్లూ ఈలలూ లెక్కలోకి తీసుకోవాల్సిన ఓట్లలాగే కనపడ్డాయి.

ఆరొందల ఏళ్ల తర్వాత కాన్‌స్టాంటినోపుల్. రథాల పందేలు జరిగే హిప్పోడ్రోమ్‌కు చక్రవర్తి జస్టీనియన్ స్వయంగా వచ్చి కూర్చునేవాడు. మామూలు మనిషి చక్రవర్తి ముఖం చూసి కేక వేయగలిగిన చోటు అదే. 532 జనవరిలో ఖైదీలను విడిచిపెట్టమని మొదలైన కేకలు తిరుగుబాటయ్యాయి. చివరికి సైన్యాన్ని అదే హిప్పోడ్రోమ్‌లోకి పంపి జనాన్ని ఊచకోత కోశారు. ముప్పై వేల మంది చచ్చారని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. రాజుకు గ్యాలరీ అంటే ఎంత భయమో ఆ లెక్కే చెబుతుంది.

మన కాలానికి వద్దాం. 1985 సెప్టెంబర్‌లో మెక్సికో నగరంలో భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. శిథిలాల కింద ఉన్నవాళ్లను పక్కింటివాళ్లే తవ్వి తీశారు, సర్కారు కదల్లేదని జనం కోపం. 1986 మే 31న ఆజ్టెకా స్టేడియంలో ప్రపంచకప్ ప్రారంభోత్సవంలో అధ్యక్షుడు మిగెల్ దె లా మాద్రిద్ లేచి మాట్లాడితే, ఈలల్లో ఆయన మాట వినపడలేదు. 2012 సెప్టెంబర్ 3న లండన్ పారాలింపిక్స్‌లో బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్‌బర్న్ పతకాలు ఇవ్వడానికి వచ్చాడు. పేరు చదవగానే స్టేడియమంతా ఊళ వేసింది. వికలాంగుల భత్యాలకు కోత పెడుతున్న సర్కారు ఖజానా ఆయన చేతిలోనే ఉంది. నీ కోతకు బలైనవాళ్ల మెడలో పతకం వేసి ఫొటో దిగుతావా అని జనం అడిగారు. ఆ సాయంత్రం అక్కడ కుదిరిన మర్యాద అదొక్కటే అని నేను అనుకుంటాను.

"ఆటల్లో రాజకీయం ఎందుకు?" అనేవాళ్లకు ఒక మాట. రాజకీయాన్ని గ్రౌండ్‌లోకి ముందు తెచ్చిందెవరు?

మన దేశంలో పేరుమోసిన పాత క్రికెట్ పోటీ బొంబాయి క్వాడ్రాంగ్యులర్. అందులో జట్లు ఊళ్ల పేరుతో లేవు. హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు. జట్టే మతం పేరుతో ఉంటే రాజకీయం బయటుందని ఎలా అంటాం? ఆ హిందూ జట్టుకు గొప్ప బౌలర్ చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ. 1911లో ఇంగ్లాండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. పూనాలో ఆయన విసిరిన బంతిని అందరూ పట్టుకున్నారు. టీ మాత్రం పెవిలియన్ బయట, విడిగా, మట్టి ముంతలో ఇచ్చారు. ఆయన్ను ఎన్నడూ కెప్టెన్‌ను చేయలేదు. తమ్ముడు విఠల్‌కు ఆ గౌరవం దక్కడానికి 1923 దాకా పట్టింది. అప్పుడు రాజకీయం ఎవరికీ కనపడలేదు. మైదానానికి నాయకుడి పేరు, కప్పు మీద నాయకుడి బొమ్మ, ఫ్లెక్సీ నిండా నాయకుడి ముఖం, చివరికి జట్టు పేరులో నాయకుడి పేరులోని అక్షరాలు. ఇన్ని ఉన్నా అదంతా ఆటే. గ్యాలరీలో ఒకడు ఓ అనగానే అది రాజకీయం!

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. విద్యార్థి మిత్రులు ఇది గుర్తుపెట్టుకోండి.

2010 అక్టోబర్ 3. ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ప్రారంభం. నిర్వాహక కమిటీ అధ్యక్షుడు సురేశ్ కల్మాడీ మాట్లాడటానికి లేస్తే స్టేడియం గేలి చేసింది. అప్పటికి దేశమంతా కుంభకోణాల ముచ్చటే. టీవీలు ఆ గేలిని పదేపదే చూపించాయి. కానీ ఆ గ్యాలరీకి తెలియని, తెలిసినా పట్టని ఇంకో కుంభకోణం ఉంది. ఢిల్లీలో ఎస్సీల కోసం కేటాయించిన స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ నిధులు వందల కోట్లు ఆ క్రీడల పనులకు మళ్లాయి. సమాచార హక్కు కింద కాగితాలు బయటికి తీసి దాన్ని పట్టుకున్నది దళిత సంఘాలు, గృహ హక్కుల సంఘాలు. ఆ ఏడాదే పార్లమెంటులో లొల్లి అయితే హోంమంత్రి చిదంబరం నిధుల మళ్లింపును ఒప్పుకోక తప్పలేదు. మన పిల్లల హాస్టళ్లకు, మన వాడల నీళ్లకు, మన ఇళ్లకు పోవాల్సిన సొమ్ము స్టేడియం లైట్లలో వెలిగింది.

కల్మాడీని గేలి చేసినవాళ్లలో మనవాళ్లెందరు? టికెట్ కొనే తాహతు ఎందరికుంది? ఆ స్టేడియం మన సొమ్ముతో వెలిగింది గానీ గ్యాలరీలో మన గొంతు లేదు. మన లొల్లి బయట జరిగింది. మన దగ్గర ఆ లొల్లి ఎంత దూరం పోయిందంటే, 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్‌కు చట్టం వచ్చింది. ధర్నాలు, యాత్రలు, కాగితాలు, లెక్కలు, ఏళ్లకు ఏళ్లు తిరుగుడు. ఆ చట్టం ఇప్పుడెట్లా అమలవుతోందన్నది ఇంకో భాగంలో రాస్తాను. ఇక్కడ చెప్పదలచుకున్నది ఒక్కటే. గ్యాలరీలో కేక ఒక్క నిమిషం నిలుస్తుంది. దాని వెనక లెక్క అడిగేవాడు ఉంటేనే అది చట్టం దాకా పోతుంది.

ఇప్పుడు అటువైపు కూడా చూద్దాం. చూడకపోతే మనకూ భజన బృందానికీ తేడా లేదు.

గుంపు కేక ఎప్పుడూ పైవాడి మీదే పడదు. 1968 అక్టోబర్ 16న మెక్సికో ఒలింపిక్స్‌లో నల్లజాతి అథ్లెట్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ పతకాల మెట్టు మీద నల్ల తొడుగు వేసుకున్న పిడికిలి ఎత్తారు. వాళ్లు మైదానం నుంచి పోతుంటే గ్యాలరీ ఊళ వేసింది. ఇవ్వాళ మనం ఆ ఫొటోను గదుల్లో అంటించుకుంటాం. ఆనాడు ఆ స్టేడియంలో మెజారిటీ గొంతు వాళ్లకు ఎదురుగా ఉంది.

2014లో బ్రెజిల్ ప్రపంచకప్ ప్రారంభ మ్యాచ్‌లో అధ్యక్షురాలు దిల్మా రూసెఫ్ మీద గ్యాలరీ బూతులు అందుకుంది. ఆ సర్కారు మీద జనానికి కోపం ఉండొచ్చు. అంతకుముందు ఏడాది బస్సు చార్జీల మీద, స్టేడియాల ఖర్చు మీద లక్షలమంది రోడ్డెక్కిన దేశం అది. కానీ ఆ ఖరీదైన సీట్లలో కూర్చున్నది ఎక్కువగా డబ్బున్న తెల్లవాళ్లని ఆ దేశంలోనే చర్చ జరిగింది. వాళ్ల నోట వచ్చింది స్టేడియం ఖర్చు లెక్క కాదు, ఒక ఆడమనిషిని ఉద్దేశించిన పచ్చి బూతు.

మన దేశం సంగతి ఇంకా దగ్గరిది. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారత మహిళ. ఆగస్టు 4న సెమీఫైనల్లో జట్టు ఓడిపోగానే హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు అగ్రకులాల మగవాళ్లు పటాకులు కాల్చి, చిందులేసి, కులం పేరుతో తిట్టారు. జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిందట. అది కూడా లొల్లే. దాన్ని కూడా "భావ ప్రకటన" అనేవాళ్లు ఉంటారు.

కాబట్టి "గేలి చేయడం తప్పా, ఒప్పా?" అన్న ప్రశ్నకు ఒకే ఒక్క జవాబు లేదు. ఎవరు, ఎవరిని, దేనికి అని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కింద కూర్చున్నవాడు పైనున్నవాణ్ని, వాడు చేసిన పని గురించి గేలి చేస్తే అది ప్రశ్న. పైనున్నవాడు కిందివాణ్ని, వాని పుట్టుక గురించి, ఒళ్లు గురించి, తల్లి గురించి గేలి చేస్తే అది అంటరానితనానికే ఇంకో రూపం. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం ఉన్నది అలాంటి నోళ్ల కోసమే.

మన అంబేడ్కరిస్టు మిత్రులు కొందరు ఇక్కడ ఓ అభ్యంతరం చెబుతారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చివరి పెద్ద ప్రసంగం చేస్తూ, రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు శాసనోల్లంఘన, సత్యాగ్రహం లాంటివాటిని వదిలిపెట్టాలనీ, అది అరాచకానికి వ్యాకరణమనీ హెచ్చరించారు కదా, మరి గ్యాలరీ లొల్లి దాని కిందికి రాదా అని. మంచి ప్రశ్న. కానీ అదే ప్రసంగంలో ఆయన ఇంకో హెచ్చరిక చేశారు. మతంలో భక్తి మోక్షానికి దారి కావొచ్చు గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికీ నియంతృత్వానికీ దారి అన్నారు. ఈ రెండు హెచ్చరికలనూ కలిపి చదవాలి. కోల్‌కతాలో విసిరిన కుర్చీ మొదటి హెచ్చరిక కిందికి వస్తుంది. ఢిల్లీలో లేచిన మూడక్షరాల నినాదం రాదు. అది ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదు. 19వ అధికరణ ఇచ్చిన గొంతునే వాడుకుంది. ఇక మన గ్రౌండ్లలో పూలవర్షాలు, కాళ్లకు మొక్కుళ్లు, సైగ చేస్తే చప్పట్లు ఉన్నాయే, అవి రెండో హెచ్చరిక కిందికి నేరుగా వస్తాయి. భక్తికి విరుగుడుగా ఓ చిటికెడు గేలి ఉండటం ప్రజాస్వామ్యానికి మంచిదే.

మౌనం కూడా హక్కే. కేరళలో ముగ్గురు బడి పిల్లలు తమ మత నమ్మకం వల్ల జాతీయగీతం పాడలేదు, గౌరవంగా నిలబడ్డారు. బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో ఆ పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. జాతీయగీతమే పాడమని బలవంతం చేయకూడదంటే, మంత్రిగారికి చప్పట్లు కొట్టమని ఎవరు బలవంతం చేయగలరు? తోలుకొచ్చిన జనం చప్పట్లను నమ్ముకున్న పాలకుడి గతి ఏమవుతుందో 1989 డిసెంబర్ 21న రుమేనియాలో చూశాం. అది ఆటస్థలం కాదు, బహిరంగ సభ. ఫ్యాక్టరీల నుంచి కార్మికులను తెచ్చి నిలబెట్టారు. చౌషెస్కు మాట్లాడుతుండగా గుంపులో కేకలు లేచాయి. మర్నాడు హెలికాప్టర్ ఎక్కి పారిపోయాడు.

ఇక మన నల్లనేలకు రండి.

సింగరేణి కార్మికుడికి లొల్లి చేయడం ఎవరూ నేర్పక్కరలేదు. ఒక్క రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోస్తామన్నప్పుడు 1981లో 56 రోజులు సమ్మె చేసింది ఈ నేలే. ఆ కాలంలోనే సికాస పుట్టింది. 2011 సకల జనుల సమ్మెలో 35 రోజులు బాయిలు బంద్ పెట్టింది. నాలుగు బొగ్గు బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా 2021 డిసెంబర్ 9 నుంచి మూడు రోజులు పని ఆపింది. 2022 నవంబర్ 12న ప్రధాని మోదీ గారు ఎరువుల ఫ్యాక్టరీని జాతికి అంకితం చేయడానికి రామగుండం వచ్చి, 51 శాతం వాటా రాష్ట్రానిదే కాబట్టి కేంద్రం సింగరేణిని ప్రైవేటుపరం చేయలేదని చెప్పి పోయారు. లోపల సభ, బయట నిరసనలు. వాటా గురించి ఆయన ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే, అంతకుముందు జరిగిన లొల్లి వినపడబట్టే.

కానీ ఆ లొల్లి చేసింది ఎవరు? పర్మినెంట్ కార్మికుడు. మస్టర్ ఉంది, యూనియన్ ఉంది, క్వార్టర్ ఉంది. చార్జిషీటు ఇస్తే కొట్లాడటానికి మనిషి ఉన్నాడు. 1990ల మొదట్లో లక్ష దాటిన ఆ పర్మినెంట్ కార్మికులు ఇవ్వాళ నలభై వేల చుట్టూ ఉన్నారు. మిగతా పని ఎవరు చేస్తున్నారు? కాంట్రాక్టు. ఊడ్చేది, తోమేది, చెట్లు పెట్టేది, బొగ్గు ఏరేది, గ్రౌండ్‌లో గీత గీసేది. వాళ్లలో మన వాడలవాళ్లు ఎందరో మీకు తెలుసు, లెక్క నేను చెప్పక్కరలేదు. వాళ్లకు నోరుంది. గేట్‌పాస్ ఇంకొకరి చేతిలో ఉంది.

దొరల కాలంలో గడి ముందు నుంచి పోయేటప్పుడు మన తాతలు చెప్పులు చేతిలో పట్టుకున్నారు. దొర ఎదురైతే గొంతు లేవొద్దు, నవ్వొద్దు, తల ఎత్తొద్దు. బాయిలోకి వచ్చినంక చెప్పులు కాలికెక్కాయి, గొంతు లేచింది. ఇప్పుడు కాంట్రాక్టు పేరుతో మళ్లీ గొంతు దించే రోజులొచ్చాయి. అందుకే గ్యాలరీలో లొల్లిని నేను చిన్న సంగతి అనుకోను. అంటరానివాణ్ని మొదట నిషేధించింది బావి నుంచి, గుడి నుంచి మాత్రమే కాదు. పెద్దల ఎదుట శబ్దం చేయడాన్నే నిషేధించారు.

మొన్నటికి మొన్న కాక దగ్గరికి పోయాను. ముసలివాడైపోయాడు. దగ్గు. మంచంలో కూర్చుని ఉన్నాడు. ఇన్నేళ్ల తర్వాత చెప్పాను. "కాకా, ఆ దినం ఓ అని మొదలు మొత్తుకున్నది నేనే. నా వల్ల నీ పని పోయింది."

ఆయన కాసేపు నన్నే చూసి అన్నాడు: "నాకెర్కనేరా. మీ బాపు గప్పుడే చెప్పిండు."

నా నోట మాట రాలేదు. బాపు చనిపోయి చాలా ఏళ్లు. నేను దుప్పటి కింద నిద్ర నటించిన రాత్రే ఆయనకు తెలుసన్నమాట. నన్ను ఒక్క మాట అనలేదు.

"నువ్వు మొత్తుకున్నందుకు పోలె పని. నేను నవ్విన. నవ్వినందుకు పోయింది. నవ్వక ఎట్లుంటరా? పొద్దుగాల నుంచి గీసిన గీతలు, వాని చెప్పులకింద పడి చెరిగిపోతున్నయ్." అని మళ్లీ నవ్వాడు, దగ్గాడు. తర్వాత అడిగాడు: "గని ఒక్క మాట. నువ్వు అంత మంది పోరగాండ్లను మొత్తుకునేటట్టు చేసినవ్ గదా, తెల్లారి నా పని కోసం ఒక్కడు కూడ రాకపోయె. ఎందుకురా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇవ్వాళకీ జవాబు లేదు.

తమ్ముడూ, ఇప్పుడు నీకు నా జవాబు. నీ చెయ్యి గుంజినవాడి మాట తప్పు. పాలకుడు మన సొమ్ముతో మన గ్రౌండ్‌కు వచ్చి మన చప్పట్లు తీసుకుంటాడు గనుక, మన లొల్లి కూడా వినాలి. చప్పట్లు మాత్రమే రావాలనుకుంటే ఇంట్లో అద్దం ముందు ఆడుకోవచ్చు. నువ్వు ఉప్పల్‌లో అరవాల్సింది. "సింగరేణి పైసలెన్ని?" అని అరిచి ఉంటే ఇంకా మంచిది. ఢిల్లీవాళ్లలాగా ప్రశ్న మూడక్షరాల్లో పట్టేలా చేయడం మనమూ నేర్చుకోవాలి.

ఆటగాళ్ల జోలికి పోవద్దు. ఏ కులం పేరూ, ఏ తల్లి పేరూ నోట రావొద్దు. చేతిలో సీసా ఉంటే నీళ్లు తాగి కింద పెట్టు. చుట్టూ ఒకసారి చూడు. నీ కేకకు నీ పక్కన కొలువు పోయేవాడెవడైనా ఉన్నాడా? ఉంటే తెల్లారి వాని కోసం పది మందిని వెంటేసుకుని పోగలవా? పోగలిగితేనే మొదలుపెట్టు. ఇంటికొచ్చినంక సమాచార హక్కు కింద దరఖాస్తు రాయి. ఈ ఆట మీద మన కంపెనీ సొమ్ము ఎంత ఖర్చయింది, ఏ పద్దు కింద, ఎవరి సంతకంతో అని అడుగు. రాయడం రాకపోతే ఆదివారం నా దగ్గరికి రా, ఇద్దరం కూర్చుని రాద్దాం.

వచ్చేటప్పుడు కాక ఇంటి మీదుగా రా. ఆయనకు దగ్గు మందు తేవాలి. అక్కడ కూర్చునే రాద్దాం, ఆయన కూడా వింటాడు.

జై భీమ్.